పేగుపూత, క్రోన్స్, జన్యువుల వెతుకులాట: కడపలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కడపలో పిల్లలకు బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యువుల డేటాను కంప్యూటర్‌తో లెక్కగట్టే చదువు) పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. మా పెద్దమ్మ కొడుక్కి చాలా ఏళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్లు రెండు రకాలుగా నా దగ్గరికొస్తారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు “జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుందా?” అంటారు. ఎమ్మెస్సీ, బీటెక్ పిల్లలు “సార్, ఐబీడీ మార్కర్ల మీద ప్రాజెక్టు చేస్తాం, డేటా యాడ దొరుకుతుంది?” అంటారు. ఒక్కో జవాబుకు ఫోన్లో అరగంట పడుతోంది, అందుకే రాసిపెడుతున్నా. నేను డాక్టర్ని కాను. మాత్రల మోతాదు అడిగితే మీ డాక్టరు దగ్గరికే పొమ్మంటా.

ఐబీడీ అంటే ఏంది? ఐబీఎస్సూ అదీ ఒకటేనా?

కాదు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్)లో పేగు సతాయిస్తుందే గానీ కొలనోస్కోపీలో పుండు కనపడదు. ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్)లో పేగు గోడే వాచి, పుండు పడి, రక్తం పోతుంది. ఇందులో ముఖ్యంగా రెండు జబ్బులు. అల్సరేటివ్ కొలైటిస్‌ను మనవైపు పేగుపూత అంటారు. అది మలాశయంలో మొదలై పెద్దపేగు వెంబడి పైకి పాకుతుంది, లోపలి పొరను పట్టుకుంటుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. గోడ మందమంతా తినేస్తుంది, నడుమ నడుమ మంచి పేగును వదిలేసి మరోచోట తేలుతుంది. 1932లో దాన్ని వివరించిన ముగ్గురు న్యూయార్క్ డాక్టర్లలో బరిల్ క్రోన్ ఒకరు, ఆయన పేరే నిలిచింది.

మా అన్న ఏడాదిన్నర పాటు మొలల మందు మింగాడు. రక్తం పడితే మొలలే అనుకోవడం మన ఊళ్లలో అలవాటు. రక్తంతో పాటు జిగట, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనం, బరువు తగ్గడం ఉంటే మొలలని సరిపెట్టుకోవద్దు.

సీమ కారం తినడం వల్ల వచ్చిందంటున్నారు. నిజమేనా?

కారం ఈ జబ్బును పుట్టిస్తుందని ఎవరూ తేల్చలేదు. పుండు ఉన్నప్పుడు కారం మంట పెడుతుంది, అది వేరే సంగతి. ఎర్రకారం సంగటిలో నంజుకుని తొంభై ఏళ్లు బతికినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

మా ఇంట్లో ఎవరికీ లేదు. మరి ఇది జన్యువుల జబ్బు ఎట్లా అవుతుంది?

తలసీమియాలో మాదిరి ఒకే జన్యువు చెడితే వచ్చే జబ్బు కాదిది. వందల చోట్ల చిన్న చిన్న తేడాలు, వాటికి తోడు పేగులోని సూక్ష్మజీవులు, పొగతాగడం, చిన్నప్పుడు వాడిన యాంటీబయాటిక్స్, మారిన తిండి, అన్నీ కలిసి ఒకచోట పొంగుతాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి క్రోన్స్ ఉన్నా రెండోవారికి రాని జంటలే ఎక్కువ. పేగుపూతలో ఆ పోలిక ఇంకా తక్కువ. డీఎన్ఏ అంతా ఒకటే అయినా జబ్బు ఒకటి కాలేదంటే, జన్యువులు సగం కథ మాత్రమే అన్నమాట.

పొగ సంగతి వింతగా ఉంటుంది. క్రోన్స్‌ను అది ముదరబెడుతుంది. పేగుపూత మాత్రం సిగరెట్ మానేసినవాళ్లలో ఎక్కువగా కనపడుతుంది. ఇది చెప్పగానే ఒకాయన “అయితే మళ్లీ మొదలుపెట్టేదా?” అన్నాడు. వద్దు సామీ.

జన్యు మార్కర్ అంటే జబ్బు తెచ్చే జన్యువేనా?

ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. మన డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లు లక్షల్లో ఉంటాయి. రోగుల్లో ఒక అక్షరం మామూలు జనంలోకంటే ఎక్కువగా కనపడితే ఆ చోటు మార్కర్. జబ్బుకు కారణం అదే అని కాదు, కారణం ఆ దగ్గర్లో ఎక్కడో ఉందని.

కడప నుంచి కర్నూలు పోతున్న లారీ ఒకటి మైదుకూరు దాటిందనీ, ఆళ్లగడ్డ చేరలేదనీ కబురొచ్చిందనుకోండి. నడుమ ఎక్కడో ఆగిపోయింది. మైదుకూరు టోల్ రసీదు మీ చేతిలో ఉంది. ఆ రసీదు మార్కర్. రసీదును పట్టుకుని “ఇదే లారీ” అంటే ఎట్లా? పక్కపక్కన ఉండే అక్షరాలు తరతరాలుగా గుంపుగానే సంక్రమిస్తాయి కాబట్టి ఒకటి కనపడితే దాని చుట్టుపక్కల వందా కనపడతాయి. వాటిలో అసలు దొంగ ఎవరో తేల్చడానికి వేరే లెక్కలున్నాయి. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 94 ప్రాంతాలను జల్లెడ పడితే, 95 శాతానికి మించిన నమ్మకంతో “ఇదే” అని వేలు పెట్టగలిగినవి 18 అక్షరాలు.

21వ క్రోమోజోమ్ కథ నాకు చాలా ఇష్టం. అక్కడ ఒక మార్కర్ ఐబీడీలోనూ, మరికొన్ని వాపు జబ్బుల్లోనూ తేలేది. దాని చుట్టూ చూస్తే జన్యువే లేదు, బీడు భూమి. ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 2024లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థవాళ్లు తేల్చిందేమంటే, ఆ బీడులో ఉన్నది ఒక మీట. కాస్త దూరంలోని ఈటీఎస్2 అనే జన్యువును మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల్లో ఎక్కువ పనిచేయించేది ఆ మీటే. మార్కర్‌కు దగ్గర్లో ఉన్న జన్యువు పేరు రాసేసి ప్రాజెక్టు ముగించే పిల్లలకు ఈ కథ చెబుతుంటా.

కంప్యూటర్ ఇందులో చేసే పని ఏంది?

లెక్కపెట్టడం. చాలా ఎక్కువసార్లు, చాలా జాగ్రత్తగా.

వెయ్యిమంది రోగులు, వెయ్యిమంది జబ్బు లేనివాళ్లు అనుకుందాం. ఒక చోట ఒక అక్షరం రోగుల్లో 300 మందికి, మిగతావాళ్లలో 250 మందికి ఉంది. 300ను 700తో, 250ని 750తో భాగించి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.29 వస్తుంది. దీన్ని ఆడ్స్ రేషియో అంటారు. ఐబీడీ మార్కర్లలో ఎక్కువభాగం 1.1, 1.2 దగ్గరే ఆగుతాయి. అంటే ఒక్కో మార్కర్ మోసే బరువు చిటికెడే.

ఇదే లెక్క లక్షల చోట్ల చేయాలి. చిక్కంతా అక్కడే. నూటికి ఐదు అనే మామూలు గీటుతో పది లక్షల చోట్ల చూస్తే, ఏ జబ్బుతోనూ సంబంధం లేకున్నా 50,000 చోట్లు వట్టి అదృష్టం కొద్దీ “దొరికాయి” అంటాయి. అందుకే 0.05ను పది లక్షలతో భాగించి 0.00000005ను గీటుగా పెట్టుకున్నారు. ఇంత సన్నని గీటు దాటాలంటే శాంపిళ్లు వేలల్లో కావాలి. రెండు వందల మంది రక్తంతో “కొత్త మార్కర్ కనిపెట్టాం” అని పేపర్లో వచ్చిన వార్తను నేను నమ్మను.

ఇంతవరకు ఏమేం దొరికాయి?

మొదటి పెద్ద చేప నాడ్2. 16వ క్రోమోజోమ్ మీద ఏదో ఉందని 1996లో తెలిసింది. 2001లో రెండు బృందాలు విడివిడిగా, ఒకే పత్రిక ఒకే సంచికలో, అది నాడ్2 అని ప్రకటించాయి. బ్యాక్టీరియా గోడ ముక్కలను పసిగట్టే కాపలాదారు ఇది. ఐరోపా జనంలో దీని మూడు మార్పులు ముఖ్యం. ఒక కాపీ ఉంటే క్రోన్స్ ముప్పు రెండు మూడింతలు, రెండు కాపీలూ ఉంటే పదిహేను ఇరవై రెట్ల దాకా. అయినా అవి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బే రాదు.

2006లో ఐఎల్23ఆర్ దొరికింది, వాపును రేపే ఐఎల్23 అనే సంకేతాన్ని అందుకునే జన్యువు అది. అందులో ఒక అరుదైన మార్పు జబ్బు తేదు సరికదా, కాపాడుతుంది. మరుసటి ఏడాది ఏటీజీ16ఎల్1 బయటపడింది, కణం తన చెత్తను తానే ఊడ్చుకునే పనిలో దానికి భాగముంది. 2012 నాటికి, 75,000 మందికి పైగా డేటా కలిపితే మార్కర్ ప్రాంతాలు 163 అయ్యాయి. 2017కు 240 దాటాయి. ఆ తర్వాత అంకె పెరుగుతూనే ఉంది, నేను లెక్కపెట్టడం మానేశా.

ఇవన్నీ తెల్లవాళ్ల రక్తంలో చూసినవి కదా? మనకు వర్తిస్తాయా?

ఈ పేజీలో నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. కొన్ని వర్తిస్తాయి, కొన్ని వర్తించవు. చూడకుండా ఏదీ చెప్పలేం.

నాడ్2నే తీసుకోండి. ఆ మూడు మార్పుల కోసం వేలూరు సీఎంసీవాళ్లు క్రోన్స్ రోగుల్లో వెతికి, 2008లో రాసిన మాట: అవి కనపడలేదు. జపాన్‌లో, చైనాలో కూడా అంతే. అక్కడ టీఎన్ఎఫ్ఎస్ఎఫ్15 అనే వేరే జన్యువు బలంగా తేలింది, జపాన్‌వాళ్లు దాన్ని 2005లోనే పట్టుకున్నారు. అంటే విదేశీ పాఠ్యపుస్తకంలో మొదటి పేజీలో ఉన్న మార్కర్‌ను మన కడప రోగిలో పరీక్షించి “లేదు, కాబట్టి నీకు క్రోన్స్ కాదు” అంటే అది అన్యాయం. మరోవైపు, ఉత్తరభారత పేగుపూత రోగుల మీద 2015లో వచ్చిన జీనోమ్ స్థాయి (మొత్తం డీఎన్ఏను జల్లెడపట్టే) అధ్యయనం 6వ క్రోమోజోమ్‌లోని హెచ్‌ఎల్‌ఏ అనే రోగనిరోధక జన్యువుల ప్రాంతాన్నే గట్టిగా చూపింది. ఐరోపాలోనూ పేగుపూతకు బలమైన చోటు అదే. చోటు ఒకటే, అందులోని అక్షరాలు మాత్రం అచ్చం అవే కావు.

ప్రపంచంలో ఇట్లాంటి అధ్యయనాలకు రక్తమిచ్చినవాళ్లలో సుమారు 78 శాతం ఐరోపా మూలాలవాళ్లే అని 2019లో లెక్క తేలింది. ఆ డేటాతో తయారైన “పాలీజెనిక్ రిస్క్ స్కోర్” అనే మార్కుల పట్టిక మన దగ్గరికొచ్చేసరికి చతికిలపడుతుంది. గుంటూరు మిరపకు రాసిన ఎరువుల లెక్కను అనంతపురం వేరుశనగకు వేసినట్టు.

మన తెలుగువాళ్ల డేటా అసలే లేదా అంటే, ఉంది. ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 26 జనసమూహాలుంటే, అందులో ఒకటి తెలుగువాళ్లు. ఐటీయూ అని సంకేతం, 102 మంది. చిత్రమేమంటే ఆ తెలుగువాళ్ల శాంపిళ్లు తీసింది ఇంగ్లండులో. జన్యు డేటాను లెక్కగట్టే ప్లింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటిసారి ఐటీయూ అనే మూడక్షరాలు కనపడినప్పుడు పరాయి ఊళ్లో బస్సు మీద కడప బోర్డు చూసినట్టయింది. మన గడ్డ మీద తీసినవి జీనోమ్‌ఇండియా ప్రాజెక్టులో ఉన్నాయి. 83 జనసమూహాలు, సుమారు 10,000 జీనోములు. 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు తెరిచారు, ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంటుంది. అయితే అది రోగుల డేటా కాదు, దేశపు మామూలు జనం డేటా. పోల్చి చూసుకోను పనికొస్తుంది. రోగుల వైపు తట్ట ఇంకా ఖాళీగానే ఉంది.

మేనరికం వల్ల ఈ జబ్బు వస్తుందా? మా అమ్మానాన్నలు మేనమామ మేనకోడళ్లు.

పెద్దయ్యాక వచ్చే మామూలు పేగుపూత, క్రోన్స్‌లకు మేనరికాన్ని నిందించలేం. ఆ మార్కర్లు ఊరందరిలోనూ ఉండేవే.

ఒక్కచోట మాత్రం మేనరికం మాట అడగాలి. ఆరేళ్లలోపు, ముఖ్యంగా ఏడాదిలోపు పసిబిడ్డకు రక్తవిరేచనాలు, మలద్వారం దగ్గర పుండ్లు, చీము దారులు వస్తే అది ఒకే జన్యువు చెడి వచ్చిన ఐబీడీ కావచ్చు. వాపును అణిచే ఐఎల్10 సంకేతాన్ని అందుకునే గ్రాహక జన్యువులు రెండు కాపీలూ చెడితే ఇట్లా అవుతుందని 2009లో బయటపడింది. తల్లిదండ్రులిద్దరికీ ఒకే తాత ఉన్నప్పుడు ఒకే చెడ్డ కాపీ రెండువైపుల నుంచీ వచ్చే వీలెక్కువ. ఇట్లాంటి బిడ్డకు జన్యు పరీక్ష చికిత్సనే మార్చేస్తుంది, కొందరికి మజ్జ మార్పిడి దాకా వెళ్తారు. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలోని పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ని కలవండి.

ఇక కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు మేనరికం ఇంకో రకంగా తగులుతుంది. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. ఒక స్నేహితుడి దగ్గర సీమ జిల్లాల శాంపిళ్లు కొన్నుంటే, శుభ్రం చేసిపెట్టమని నాకిచ్చాడు. ఇంటర్నెట్‌లో అందరూ వాడే వరసలోనే ప్లింక్ ఫిల్టర్లు పెట్టా. ఇద్దరి మధ్య బంధుత్వం 0.1875 దాటితే ఒకరిని తీసెయ్. అక్షరాల వైవిధ్యం సగటుకు మూడు ఎస్డీల (స్టాండర్డ్ డీవియేషన్ల) అవతల ఉంటే తీసెయ్. టీ తాగి వచ్చి చూస్తే ఫైలు సన్నబడిపోయింది. మొదట శాంపిళ్లు చెడిపోయాయనుకున్నా. పేర్ల పట్టిక దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చూస్తే, పోయినవాళ్లలో చాలామంది మేనరికపు బిడ్డలు.

లెక్క ఇట్లా ఉంటుంది. బావామరదళ్ల బిడ్డలో రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన డీఎన్ఏ సగటున పదహారో వంతు. మేనమామ మేనకోడళ్ల బిడ్డలో ఎనిమిదో వంతు. ఆ మేరకు అక్షరాల వైవిధ్యం తగ్గుతుంది, ఐరోపా జనం కోసం పెట్టిన ఫిల్టర్ దాన్ని “చెడ్డ శాంపిల్” అని విసిరేస్తుంది. చెడ్డవి కావు, మనవి. తీసేయడం కాకుండా, బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడళ్లు వాడాలి. పైగా ఆ బిడ్డల డీఎన్ఏలో తేడాల్లేకుండా పొడుగ్గా సాగే పట్టీలే అరుదైన చెడ్డ జన్యువును పట్టించే ఆచూకీలు. అప్పటినుంచి ఏ ఫిల్టరైనా ఎవర్ని తీసేసిందో పేరుపేరునా చూడకుండా ముందుకు పోవడం మానేశా.

ఇంకో మాట. మేనరికం లేని ఇళ్లలోనూ మనవాళ్లు తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్‌వాళ్లు కలిసి 2017లో 263 దక్షిణాసియా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ ఇరుకుదనం ఫిన్లండ్ జనంకంటే, అష్కెనాజీ యూదులకంటే ఎక్కువగా తేలింది. మత్తుమందు డాక్టర్లకు తెలిసిన వైశ్యుల ఉదాహరణ ఉండనే ఉంది, ఒక కండరాల మందు వాళ్లలో కొందరికి గంటల తరబడి దిగదు. ఐబీడీలో ఇట్లా ఒక్కో సమూహానికి ప్రత్యేకమైన అక్షరం ఏదైనా ఉందేమో వెతకడానికి సీమ మంచి చోటు. వెతికినవాళ్లు తక్కువ.

సార్, రక్తం శాంపిళ్లు లేకుండా ప్రాజెక్టు చేయొచ్చా?

చేయొచ్చు. జీఈఓ అనే అమెరికా ప్రభుత్వ భాండాగారంలో పేగు ముక్కల జన్యు వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందనే) డేటా ఉచితంగా దొరుకుతుంది. జీఎస్ఈ16879 అని కొట్టి చూడండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా రోగుల పేగులోంచి తీసిన ముక్కల డేటా అది, మందు పనిచేసినవాళ్లూ పనిచేయనివాళ్లూ అని గుర్తులతో సహా ఉంటుంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిమ్మా ప్యాకేజీతో ఒక మధ్యాహ్నంలో మొదటి పట్టిక వచ్చేస్తుంది.

ఆ పట్టికలో పైన ఏముంటుందో నేను చూడకుండానే చెప్పగలను: ఎస్100ఏ8, ఎస్100ఏ9, కొన్ని కీమోకైన్లు (తెల్లకణాలను పిలిచే సంకేతాలు). పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆగండి. వాచిన పేగులోకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వస్తాయి, ఆ జన్యువులు వాటివి. జబ్బు వల్ల కణంలో జన్యువు పని పెరిగిందా, లేక ఆ జన్యువున్న కణాలే ఎక్కువొచ్చాయా? జాతరకు జనమొచ్చారని ఊరి జనాభా పెరిగినట్టు కాదుగదా. కణాల పాళ్లను లెక్కలో సరిచేసుకోకపోతే మీరు కనుక్కున్నది వాపు అనే మాటకు ఇంకో పేరే.

అయితే ఆ రెండూ దండగ కాదు. ఎస్100ఏ8, ఎస్100ఏ9 ప్రొటీన్లు కలిస్తే కాల్‌ప్రొటెక్టిన్. మలపరీక్షలో డాక్టరు రాసేది అదే. మా అన్న మూడు నెలలకోసారి చిన్న డబ్బాలో ఇచ్చొచ్చే పరీక్షా, మీ పట్టికలో మొదటి వరసా ఒకటే. రిపోర్టు మీద ఆ పేరు చూపిస్తే పిల్లల మొహాల్లో వెలుగు చూడాలి.

ఇంకొకటి. ఇవి వ్యక్తీకరణ మార్కర్లు, వాపు తగ్గితే ఇవీ తగ్గుతాయి. పుట్టుకతో వచ్చే నాడ్2 లాంటివి మారవు. ప్రాజెక్టు పుస్తకంలో రెండింటినీ ఒకే గాటన కట్టి “జన్యు మార్కర్లు” అని రాయొద్దు.

మెషీన్ లెర్నింగ్ పెడితే మాకు 98 శాతం వచ్చింది. పేపర్ రాయొచ్చా?

రాయొద్దు, ముందు నాకు కోడ్ చూపించండి.

తొంభైతొమ్మిది పాళ్లు జరిగేది ఇది. 20,000 జన్యువులు, ఎనభై శాంపిళ్లు. మొత్తం డేటా మీద “రోగికీ మామూలుకూ తేడా చూపే” యాభై జన్యువులు ఎంచుకుంటారు. ఆ తర్వాత డేటాను ట్రైనింగ్, టెస్టింగ్ అని విడదీస్తారు. పరీక్షపేపర్ ముందే చూసి చదివినట్టే. ఎంపిక కూడా ట్రైనింగ్ భాగంలోనే జరగాలి, క్రాస్ వ్యాలిడేషన్‌లో (డేటాను ముక్కలు చేసి వంతులవారీగా పరీక్షించడంలో) ప్రతి మడతలోనూ మళ్లీ ఎంచుకోవాలి. అనుమానముంటే ఒక పని చేయండి. రోగి, మామూలు అనే గుర్తుల్ని అడ్డదిడ్డంగా కలిపేసి అదే కోడ్ నడపండి. యాభై శాతం దగ్గర పడాలి. అప్పుడూ తొంభై వస్తే కోడ్ మోసం చేస్తోంది.

రెండో దొంగ బ్యాచ్. రోగుల ముక్కలు ఒక ఏడాది ఒక ల్యాబ్‌లో, మామూలువాళ్లవి మరో ఏడాది ఇంకో ల్యాబ్‌లో చేసి ఉంటే మీ మోడల్ నేర్చుకున్నది ల్యాబ్‌ల తేడా. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్ కూడా పూర్తిగా కడగలేదు. వేరే దేశపు, వేరే బృందపు డేటా మీద అదే మోడల్‌ను తాకకుండా నడిపి ఎంత వచ్చిందో అదే మీ మార్కు.

మూడోది ఎక్సెల్. సెప్ట్2 అనే జన్యువును అది సెప్టెంబరు 2 చేసేస్తుంది. ఈ బాధ పడలేక జన్యువులకు పేర్లు పెట్టే సంఘమే 2020లో దిగొచ్చి ఆ పేర్లు మార్చింది. పాత ఫైళ్లలో మాత్రం తేదీలు ఇంకా తేలుతూనే ఉంటాయి.

ల్యాప్‌టాప్ చాలునా?

వ్యక్తీకరణ పట్టికలకు, అందరికీ తెరిచి ఉంచిన మార్కర్ ఫలితాలకు 16 జీబీ ర్యామ్ చాలు. మొత్తం జీనోమ్ ముడి ఫైళ్ల జోలికి పోవద్దు, ఒక్క మనిషిదే వంద జీబీ దాకా ఉంటుంది. వేసవిలో కరెంటు పోయేవేళ చూసుకుని రాత్రిపూట నడపండి. హెచ్‌జీ19, హెచ్‌జీ38 అనే రెండు మానవ జీనోమ్ పటాలు కలిసిపోకుండా చూసుకోండి. ఒకే మార్కర్‌కు రెండింటిలో వేర్వేరు అడ్రసులుంటాయి, అది గమనించక నేను ఒక వారం పోగొట్టుకున్నా.

ఆన్‌లైన్‌లో జన్యు పరీక్ష కిట్ అమ్ముతున్నారు. చేయించుకుంటే జబ్బుందో లేదో తేలుతుందా?

తేలదు. డబ్బు దాచుకోండి. జబ్బును తేల్చేది కొలనోస్కోపీ, బయాప్సీ, స్కాన్, మల, రక్త పరీక్షలు.

ఒక్క పరీక్ష గురించి మాత్రం గట్టిగా అడగమంటా. అది జబ్బును తేల్చడానికి కాదు, మందు పడుతుందా లేదా అని చూడటానికి. అజథయోప్రిన్ అనే మాత్ర ఐబీడీలో చాలామందికి రాస్తారు. చవక, పనిచేస్తుంది. మా అన్నకూ రాశారు. మూడో వారంలో తలదువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. పెద్దమ్మ చూసి “మందు వేడి చేసిందిలేరా, మజ్జిగ తాగు” అంది. నాలుగోవారం జ్వరం. రక్తపరీక్షలో తెల్లకణాలు వెయ్యికి దిగాయి. పదిరోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, బతికి బయటపడ్డాడు. మాత్ర రాసినచోట ముందు ఆ పరీక్ష చేయలేదు, మొదటి వారాల్లో రక్తపరీక్షకూ రమ్మనలేదు.

దీని వెనకున్నది నడ్ట్15 అనే జన్యువు. ఆ మందు నుంచి తయారయ్యే విషపు ముక్కను నిర్వీర్యం చేసే ఎంజైమును అది తయారుచేస్తుంది. దానిలో 139వ స్థానంలో ఒక్క మార్పు ఉంటే ఎంజైమ్ నిలబడదు, ముక్క డీఎన్ఏలోకి దూరి మజ్జను అణిచేస్తుంది. జుట్టు రాలడం మొదటి హెచ్చరిక. దీన్ని పట్టుకున్నది కొరియావాళ్లు, 2014లో, క్రోన్స్ రోగుల డీఎన్ఏను ఇదే జీనోమ్ జల్లెడతో వడగట్టి. అప్పటిదాకా పుస్తకాలన్నీ టీపీఎంటీ అనే వేరే జన్యువును పరీక్షించమనేవి, అది ఐరోపా జనానికి పనికొచ్చే పరీక్ష. మనలో టీపీఎంటీ మార్పులు తక్కువ, నడ్ట్15 మార్పు దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన “మనకు వర్తిస్తాయా” అన్న ప్రశ్న మా ఇంట్లోకి ఇట్లా నడిచొచ్చింది.

కాబట్టి అజథయోప్రిన్ లేదా అదే జాతి మందు 6-ఎంపీ మొదలుపెట్టేముందు “నడ్ట్15 చూస్తారా సార్?” అని అడగండి. ఈ పరీక్ష దేశంలో దొరుకుతోంది, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. ఒక కాపీ మారి ఉంటే మోతాదు తగ్గిస్తారు, రెండూ మారి ఉంటే వేరే మందు చూస్తారు. పరీక్ష బాగుందన్నా తొలి నెలల్లో రక్తపరీక్షలు మానొద్దు. ఇప్పటికే ఆ మాత్ర నెలల తరబడి బాగా పడుతున్నవాళ్లు ఇది చదివి ఆపేయొద్దు.

మా నాన్నకు ముందు టీబీ అన్నారు, ఆరునెలలయ్యాక క్రోన్స్ అంటున్నారు. జన్యువుల్లో చూస్తే ముందే తెలిసేదా?

లేదు. పేగు టీబీ, క్రోన్స్ ఎండోస్కోపీలోనే కవలల్లా ఉంటాయి, బయాప్సీలో కూడా మోసం చేస్తాయి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి చాలాసార్లు ముందు టీబీ మందులిచ్చి చూస్తారు. పైగా క్రోన్స్ మార్కర్లలో కొన్ని, టీబీ క్రిమికి బంధువైన క్రిమి తెచ్చే కుష్ఠు మార్కర్లతోనూ కలుస్తాయి. నాడ్2 ప్రాంతం 2009లో చైనా కుష్ఠురోగుల అధ్యయనంలో తేలింది. ఒకే కాపలాదారు రెండు తలుపుల దగ్గరా నిలబడ్డాడు, అతణ్ణి చూసి ఏ తలుపో చెప్పలేం.

ఇన్నేళ్లు వెతికితే రోగికి ఒరిగిందేమిటి?

ఐఎల్23 దారి. 2006లో మార్కర్ ఆ దారివైపు వేలు చూపింది. ఆ దారిని మూసే ఉస్టెకినుమాబ్‌కు 2016లో, ఐఎల్23ను ఒక్కదాన్నే పట్టే రిసాంకిజుమాబ్‌కు 2022లో క్రోన్స్ కోసం అమెరికా అనుమతి వచ్చింది. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, ఆ మాట దాచను.

పరిశోధనకు మా రక్తం ఇమ్మని అడిగారు. ఇవ్వొచ్చా?

నేనైతే ఇస్తా, మా అన్న ఇచ్చాడు. ఇచ్చేముందు అంగీకార పత్రం తెలుగులో ఇమ్మనండి. ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మీ పేరు తీసేసి నంబరుతోనే దాస్తారా, డేటా ఇంకెవరికైనా ఇస్తారా, వద్దనుకుంటే తర్వాత వెనక్కి తీసుకోవచ్చా అని అడగండి. చికిత్సకు పనికొచ్చే నడ్ట్15 లాంటి ఫలితం బయటపడితే మీకు చెబుతారో లేదో అది కూడా రాయించుకోండి. మా పెద్దమ్మ అడిగింది ఒకటే: “ఎంత తీస్తారు నాయనా?” రెండు చిన్న గొట్టాలు. అంతే తీస్తారు.